ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుంటికూర దొరకదు, చుక్కకూర దొరుకుతుంది

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నకిరేకల్. మా ఆయన ఉద్యోగం మీద ఫిబ్రవరిలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు వచ్చాం. ఇంటి పక్క సూపర్‌మార్కెట్ టమాటకు రుచీ లేదు, పులుపూ లేదు. శనివారం మార్కెట్‌కు పోతే కొన్నిటికి రెండింతల రేటు. మా ఆయనేమో అన్నీ డిస్కౌంట్ షాపులోనే తెచ్చుకుందాం అంటారు. ఇండియన్ షాపులో బెండకాయలు ముదిరి, వాడిపోయి ఉంటున్నాయి. ఆకుకూర ఏది తెచ్చినా మూడో రోజుకు నల్లబడి జిగురవుతోంది. దసరా అయ్యాక మా అమ్మ వస్తోంది. పుంటికూర, కరివేపాకు, నాలుగు బత్తాయిలు తెమ్మనొచ్చా? అసలు ఏది ఎక్కడ కొనాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఉల్లిగడ్డ, ఆలుగడ్డ విషయంలో మీ ఆయన మాట నిజం. టమాట, ఆకుకూరల విషయంలో మీ మాట నిజం. మార్కెట్టా, సూపర్‌మార్కెట్టా అని ఒక్కటే ఎంచుకుంటే ఎటైనా నష్టమే. ఏ కూరగాయకు ఆ దుకాణం.

ముందు శనివారం మార్కెట్ సంగతి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, ఎవరూ మోసం చేయకుండానే. మన దగ్గర 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు గుర్తింపు కార్డున్న రైతే వచ్చి అమ్ముకోవాలని నియమం పెట్టారు. జర్మనీలో వారపు అంగడిని వోఖెన్‌మార్క్ట్ అంటారు. అందులో బల్ల వేసుకున్న ప్రతివాడూ రైతు కాదు. తెల్లవారుజామున టోకు మార్కెట్‌కు పోయి పెట్టెలు దింపుకొచ్చే వ్యాపారులూ ఉంటారు. వాళ్ల దగ్గర ఉండేది చాలావరకు సూపర్‌మార్కెట్‌లో ఉండే స్పెయిన్, హాలండ్ సరుకే. రేటు మాత్రం ఎక్కువ. మీరు రెండింతలు పెట్టింది ఇలాంటి బల్ల దగ్గరే కావచ్చు.

ఇద్దరినీ గుర్తుపట్టడం తేలిక. ఒకే బల్ల మీద అరటిపండ్లు, మామిడి, అవొకాడో, టమాట అన్నీ ఉన్నాయంటే అతను వ్యాపారి. అరటి జర్మనీలో పండదు. పండించినవాడి బల్ల మీద ఆ కాలంలో వచ్చే పదీ పన్నెండు రకాలకు మించి ఉండవు. క్యారెట్‌కు మట్టి, ముల్లంగికి ఆకు అలాగే ఉంటాయి. ‘ఔస్ ఐగెనెమ్ ఆన్‌బౌ’ అని పలక మీద రాసి ఉంటే సొంత పంట అని అర్థం. చాలా కూరగాయలకు రేటు పక్కనే దేశం పేరు కూడా రాయాలి. దాన్ని చదవకుండా డబ్బు తీయకండి. ‘బయో’ అన్నది వేరే సంగతి. సేంద్రియమని గుర్తు ఉంటేనే సేంద్రియం. రైతు అమ్మినంత మాత్రాన మందు కొట్టలేదని కాదు.

మీ ఊళ్లో నమ్మకంగా పోదగ్గది కాన్‌స్టాబ్లర్‌వాఖె చౌరస్తాలో గురువారం, శనివారం జరిగే అంగడి. అది పేరులోనే ఉత్పత్తిదారుల మార్కెట్. ఊరి మధ్యలోని క్లైన్‌మార్క్ట్‌హాలె చూడముచ్చటగా ఉంటుంది. అరుదైన వస్తువు కావాల్సినప్పుడు అక్కడికి పోవచ్చు. వారం కూరగాయలకు పోతే పర్సు ఖాళీ. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి కొనుగోళ్లన్నీ శనివారానికే తేల్చుకోవాలి. పెద్ద రైల్వే స్టేషన్‌లో కొన్ని మాత్రం తెరిచి ఉంటాయి, ఖరీదు ఎక్కువ.

రేట్లు చదవడంలో రెండు చిక్కులున్నాయి. 2,49 అని ఉంటే రెండు యూరోల నలభై తొమ్మిది సెంట్లు, మధ్యలో ఉన్న కామా మన చుక్క లాంటిది. రెండోది ‘ఫుంట్’. ఇంగ్లిష్ పౌండంటే 454 గ్రాములు గానీ జర్మన్ అంగట్లో ఫుంట్ అంటే నిండుగా 500 గ్రాములు, అంటే అరకిలో. ‘ఐన్ ఫుంట్, బిటె’ అంటే అరకిలో ఇవ్వండి అని. పుట్టగొడుగులకు, విడి ఆకులకు 100 గ్రాముల రేటు రాస్తారు. కాలీఫ్లవర్, దోసకాయ కాయకింత. ముల్లంగి, కొత్తిమీర కట్టకింత. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ రేటు కింద సన్న అక్షరాల్లో కిలో రేటు ఉంటుంది. పెద్ద అంకె చూసి పోల్చొద్దు. 500 గ్రాముల టమాట డబ్బా 1,79 అంటే కిలో 3,58 పడ్డట్టు. మార్కెట్‌లో కిలో 3,80 అన్న పండిన టమాట మరీ ఖరీదేమీ కాదు. ఇంకొకటి: ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి నకిరేకల్ రేటుతో పోల్చే అలవాటు మానేయండి. అలా లెక్కేస్తే ఆ దేశంలో పచ్చిమిరపకాయ కూడా కొనలేరు.

అంగట్లో మన అలవాటొకటి ఆపుకోవాలి. మన దగ్గర బెండకాయ కొస విరిచి చూస్తాం, టమాట నొక్కి చూస్తాం, ఒక్కొక్కటి ఏరి పళ్లెంలో వేస్తాం. జర్మన్ రైతు బల్ల దగ్గర చేయి పెడితే మొహం మాడ్చుకుంటారు. వేలితో చూపించాలి, వాళ్లు ఏరి ఇస్తారు. ఇందులో మనకు లాభం కూడా ఉంది. ఎప్పుడు వండుతారో చెప్పండి. ‘ఫ్యూర్ హొయ్‌టె’ అంటే ఈరోజుకు. అలా చెబితే బాగా పండినవి తీసిస్తారు. మూడు రోజుల తరువాతకైతే గట్టివి. బేరం పనికిరాదు. అయితే కొసరు మాత్రం పూర్తిగా లేకపోలేదు. నాలుగు వారాలు ఒకే బల్ల దగ్గర కొంటే ఐదోవారం గుప్పెడు పార్స్లీ ఊరికే పడేయొచ్చు. చిన్న నోట్లు, చిల్లర, సొంత సంచి వెంట ఉండాలి. చాలా బల్లల దగ్గర కార్డు నడవదు. అంగడి ఎత్తేసే ముందు చివరి గంటలో రేటు తగ్గిస్తారు. అప్పుడు ఆ రాత్రికో మర్నాటికో వండేవే తీసుకోండి. తగ్గించింది అవి అంతకుమించి ఆగవనే.

ఇక టమాట. సూపర్‌మార్కెట్ టమాట చప్పగా ఉండటానికి కారణం దూరం ఒక్కటే కాదు. లారీలో నలగకూడదని తోలు గట్టి రకాలు వేస్తారు, రంగు తిరగకముందే కోస్తారు, దారి పొడవునా చల్లగా ఉంచుతారు. సుమారు 12 డిగ్రీల కిందికి పోతే టమాటలో వాసన ఇచ్చే పదార్థాలు తగ్గి లోపల గుజ్జు పిండిపిండిగా అవుతుంది. అందుకే ఇంటికి తెచ్చాక మీరు కూడా ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గిన్నెలో పోసి వంటగట్టు మీద ఉంచండి. జర్మనీ టమాటకు అసలు కాలం జులై నుంచి సెప్టెంబర్ దాకా. మీరిప్పుడు సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు. ఆగస్టులో టర్కీ దుకాణంలో పెట్టె లెక్కన కొని, ఉడికించి, గుజ్జు చేసి, అరకిలో డబ్బాల్లో ఫ్రీజర్‌కు ఎక్కించండి. డిసెంబర్‌లో పచ్చి టమాట జోలికి పోవద్దు. ఆ నెలల్లో డబ్బాలో వచ్చే ఇటలీ టమాట ముక్కలే మేలు, అవి పండాక కోసి డబ్బా కట్టినవి. చారుకు, పప్పుకు బాగా సరిపోతాయి. పులుపు మాత్రం మన నాటు టమాటంత రాదు. చిన్న చింతపండు రెక్క తోడు వేయాల్సిందే.

ఆకుకూరల దగ్గర మీకు ఊరికంటే ఎక్కువ రకాలే దొరుకుతాయి, పేర్లు తెలియాలి, అంతే. ఫ్రాంక్‌ఫర్ట్‌వాళ్లు ప్రాణం పెట్టే ‘గ్ర్యూనె సోసె’ అనే పచ్చ సాస్ ఉంది. దానిలో ఏడు రకాల ఆకులు పడతాయి. వాటిలో ఒకటి ‘జవరాంప్‌ఫర్’. కొస కొరికి చూడండి, మన చుక్కకూర పులుపే. రెండూ ఒకే కుటుంబం, దగ్గరి చుట్టాలు. పక్కనే ఉన్న ఓబర్‌రాడ్ తోటల నుంచి ఈ ఆకులు అంగడికి వస్తాయి. ఏడు ఆకులూ కలిపి తెల్ల కాగితంలో చుట్టి అమ్మే పొట్లం కొనొద్దు, పప్పులో అది పనికిరాదు. జవరాంప్‌ఫర్ ఒక్కటే విడిగా అడగండి. గ్లాసెడు కందిపప్పుకు, అంటే సుమారు 150 గ్రాములకు, 100 గ్రాముల ఆకు చాలు. పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే ఆకు వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు ఉడకదు, బద్దలు బద్దలుగా ఉండిపోతుంది. వేసిన రెండు నిమిషాల్లో ఆకు ఆకుపచ్చ పోయి గోధుమరంగుకు తిరుగుతుంది, కంగారు పడకండి, దాని స్వభావమే అది. పుంటికూర పప్పు తిన్న నాలుకకు ఇది కొంచెం తేలికగా అనిపిస్తుంది. ఎండుమిర్చి, ఎల్లిగడ్డ పోపు గట్టిగా పెడితే ఆ లోటు సగం తీరుతుంది.

రెండో ఆశ్చర్యం టర్కీ దుకాణంలో ఉంది. వేసవిలో ‘సెమిజోటు’ అని కట్టలు పెడతారు. ఎర్రటి కాడ, నిండుగా నీరున్న చిన్న గుండ్రటి ఆకు. మన చేలల్లో వద్దన్నా మొలిచే గంగవాయిలకూరే అది. అక్కడ పెరుగులో కలుపుకొని తింటారు, మీరు పప్పులో వేసుకోండి. సోయకూర కోసం వెతకనక్కర్లేదు, ‘డిల్’ అని ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఉంటుంది. మెంతికూర కట్టలు ఇరానీ, ఆఫ్ఘన్ దుకాణాల్లో దొరుకుతాయి. తోటకూర బదులు ‘మాంగోల్డ్’ తీసుకోండి. దాని కాడ దళసరి కాబట్టి ముందు కాడ ముక్కలు వేసి ఐదు నిమిషాలు మగ్గాక ఆకు వేయాలి. పాలకూర కొనేటప్పుడు వేరుతో ఉన్నది ఎంచుకోండి. ‘బేబీ స్పినాట్’ సంచీ సలాడ్ కోసం, పప్పులో వేస్తే జాడ కూడా మిగలదు. ఫ్రీజర్ పెట్టెలోదైతే ‘బ్లాట్‌స్పినాట్’ అని ఉండాలి. ‘రామ్‌స్పినాట్’ అంటే మీగడ కలిపింది. దాంతో పాలకూర పప్పు చేస్తే వచ్చేది పప్పు కాదు, పాయసానికి దగ్గరగా ఇంకేదో.

టర్కీ దుకాణంలో ఒక హెచ్చరిక. కొత్తిమీర, పార్స్లీ కట్టలు పక్కపక్కనే ఉంటాయి, ఆకు ఒకేలా కనిపిస్తుంది. వాసన చూడకుండా కొంటే ఇంటికొచ్చాక ఏడుపే. సూపర్‌మార్కెట్‌లో కుండీలో అమ్మే కొత్తిమీర చూసి ఆశపడొద్దు. చిన్న కుండీలో పదుల మొక్కలు కిక్కిరిసి ఉంటాయి, వారం పది రోజులకు వాలిపోతాయి. టర్కీ దుకాణం పెద్ద కట్టే లాభం.

ఆకు మూడో రోజుకు జిగురవడానికి కారణం తేమ. ప్లాస్టిక్ సంచీలోనే ఫ్రిజ్‌లో పెడితే సంచీ లోపల చెమట పడుతుంది, ఆ నీటి బొట్టు తగిలిన ఆకు ముందు కుళ్లి పక్కదాన్ని కుళ్లబెడుతుంది. తెచ్చిన వెంటనే కడిగి దాచడం కూడా అదే పొరపాటు. ఇంటికి రాగానే కట్టకున్న రబ్బరు తీయండి, నలిగిన ఆకు, పసుపు ఆకు ఏరేయండి, మిగిలింది గుడ్డ మీద అరగంట ఆరబెట్టండి. తరువాత వంటింటి కాగితంలో వదులుగా చుట్టి, మూత డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. రెండు రోజులకోసారి తడి కాగితం మార్చితే ఐదారు రోజులు నిలుస్తుంది. కడగడం వండే ముందే. కొత్తిమీరకైతే కాడ కొసలు ఒక సెంటీమీటరు కోసి, గ్లాసులో రెండు వేళ్ల నీళ్లు పోసి నిలబెట్టి, పైన సంచీ కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి.

బెండకాయ, వంకాయ, పచ్చిమిర్చి కూడా టర్కీ దుకాణంలోనే. ఇండియన్ షాపు బెండకాయ చాలాసార్లు విమానంలో వచ్చింది. దించిన రోజు బాగుంటుంది, నాలుగో రోజు మీరన్నట్టే. సరుకు ఏ రోజు దిగుతుందో షాపతన్ని అడిగి ఆ సాయంత్రమే పోండి. టర్కీవాళ్ల బెండకాయ వేలెడు కూడా ఉండదు, లేతది. తడి ఉన్నది, నల్ల మచ్చ ఉన్నది వద్దు. ఇంటికి తెచ్చాక పొడిగుడ్డతో తుడవండి. బెండకాయ, వంకాయ, దోసకాయ మూడూ మన లాంటి వేడి దేశపు పంటలు. మరీ చల్లగా ఉంటే తోలు గుంటలు పడి నల్లబడతాయి. ఫ్రిజ్ వెనక గోడకు ఆనకుండా, తలుపు అరలోనో పై అరలోనో ఉంచి, రెండు మూడు రోజుల్లో వండేయండి. గుత్తి వంకాయకు చిన్న వంకాయలు అక్కడ దొరుకుతాయి. తొడిమ పచ్చగా, తోలు నిగనిగలాడుతూ ఉండాలి. సూపర్‌మార్కెట్‌లోని జానెడు నల్ల వంకాయ కాల్చి పచ్చడికి మాత్రం బ్రహ్మాండం. పొడుగాటి ‘సివ్రి’ మిరపకాయ చూసి కారం అనుకోవద్దు, చాలావరకు బజ్జీలకే పనికొస్తుంది. కారానికి ఏషియన్ షాపులో చిన్న థాయ్ మిర్చి కొని ఫ్రీజర్‌లో పోసుకోండి. మునక్కాయ, గోకరకాయ ఫ్రీజర్‌వే కొనండి, తాజాగా కనిపించినా. గడ్డకట్టిన బెండ ముక్కలైతే కరగనివ్వకుండా నేరుగా బాగా కాగిన నూనెలో వేయాలి, కరిగితే జిగటే.

మిగిలినవన్నీ, అంటే ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, అరటిపండ్లు, కళ్లు మూసుకొని డిస్కౌంట్ షాపులో. నిలవ ఉండే సరుకుకు రైతు దగ్గర ఎక్కువ పెట్టినా నాలుకకు తేడా తెలియదు. ఒక్క ఆలుగడ్డ సంచీ మీద మాట చూడాలి. ‘ఫెస్ట్‌కొఖెండ్’ గట్టిగా ఉండేది, వేపుడుకు. ‘మేలిష్‌కొఖెండ్’ పిండిగా విరిగేది, బోండా కూరకు, పూరీ కూరకు. తారుమారైతే వేపుడు ముద్దవుతుంది, బోండాలో ముక్క గట్టిగా తగులుతుంది. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒకే బుట్టలో వద్దు. పక్కన యాపిల్ అసలే వద్దు, దాని నుంచి వచ్చే వాయువు పక్కనున్న ఆకుకూరలను, కాయలను తొందరగా పాడుచేస్తుంది.

చివరగా అమ్మ తెచ్చే మూట. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. 2019 డిసెంబర్ 14 నుంచి ఐరోపా సమాఖ్యలోకి తాజా పండు, కూరగాయ, ఆకు, మొక్క, విత్తనం ఏది తేవాలన్నా మన దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మన దేశం నుంచి కొన్ని పండ్లు, కూరగాయల రవాణాను 2014 మేలోనే కొంతకాలం ఆపేశారు: మామిడి, వంకాయ, కాకర, పొట్లకాయ, చామ. పండుఈగలు, ఇతర పురుగులు దొరికాయని. మామిడి మీద ఆంక్ష 2015 మొదట్లో ఎత్తేశారు. ధ్రువపత్రం అక్కర్లేనివి ఐదే ఐదు: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్. కాబట్టి తాజా కరివేపాకు, పుంటికూర, బత్తాయిలు మూడూ కుదరవు. పెట్టెలో పడితే విమానాశ్రయంలో తీసి పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. కోడి పచ్చడి, నెయ్యి, కోవా కూడా వద్దని చెప్పండి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి ప్రయాణికులు తేకూడదు. ఆవకాయ, నిమ్మకాయ పచ్చడి, పుంటికూర పచ్చడికి ఆ గొడవ లేదు. కరివేపాకు ఇండియన్ షాపులో దొరికిన రోజు రెండు ప్యాకెట్లు కొని, తడి లేకుండా తుడిచి, రెబ్బలుగా డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. వాడేటప్పుడు కరగనివ్వకుండా పోపులో వేయాలి.

బత్తాయి మీద బెంగ పెట్టుకోకండి. మన బత్తాయి, స్పెయిన్ నారింజ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే జాతి. డిసెంబర్ నుంచి రసానికి పనికొచ్చే నారింజలు వలసంచుల్లో వస్తాయి, అప్పుడు డిస్కౌంట్ షాపే చౌక. పాలమూరువాళ్లు ఎవరైనా బాలానగర్ సీతాఫలం గుర్తు చేసుకుంటుంటే ‘చెరిమోయా’ చూపించండి. స్పెయిన్ దక్షిణ తీరంలో పండే సీతాఫలం చుట్టం అది. మెత్తబడేదాకా బయటే ఉంచాలి, ముందే ఫ్రిజ్‌లో పెడితే తోలు నల్లబడుతుంది, లోపల పండదు.

పుంటికూర మాత్రం అమ్మకు ఇప్పుడే చెప్పండి. ఆకు కడిగి, తడి పూర్తిగా ఆరాక, నీడన పలుచగా పరిచి మూడు నాలుగు రోజులు ఎండనివ్వాలి. పిడికిట్లో పిసికితే గలగలమని పొడి కావాలి, మెత్తగా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, పెట్టెలో బూజు పట్టేస్తుంది. కిలో ఆకు ఎండితే వంద గ్రాములకు అటూ ఇటూ అవుతుంది. గాలి చొరని సంచీలో గట్టిగా మూసి, పైన పేరు రాసి పెట్టమనండి. పప్పులో వేసే ముందు పది నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు కూడా పప్పులోనే పోయండి. పులుపంతా ఆ నీళ్లలోనే ఉంటుంది.